వరహాలు టీచర్ తప్పు జవాబులు

పక్క క్వార్టర్లోని పిల్ల ట్యాబ్లెట్ ముందు కూర్చుని లెక్కలు చేస్తోంది. మా మధ్య గోడ పలచన. సరైన జవాబు పడ్డప్పుడల్లా ఆ పరికరంలోంచి చప్పట్లు వినిపిస్తాయి, పెద్ద హాలు నిండా జనం లేచి నిలబడి కొడుతున్నట్టుగా. వెనకే నాణేలు జలజలా రాలిన చప్పుడు. ఓడరేవు పక్కనున్న మా హాడోలో పొద్దు తొందరగా వాలిపోతుంది; వార్ఫు వైపు దీపాలు అప్పుడే వెలిగాయి, ఏదో ఓడ రెండుసార్లు హారన్ కొట్టి ఊరుకుంది. నేను టీ గ్లాసు పట్టుకుని వరండాలోకీ లోపలికీ తిరుగుతున్నాను. చప్పట్లు వినిపించినంతసేపూ నాకు ఇబ్బంది లేదు. జవాబు తప్పితే మాత్రం 'టుంగ్' అని ఒక చిన్న శబ్దం వస్తుంది. ఆ తర్వాత కాసేపు ఏమీ వినపడదు. ఆ కాసేపట్లో గోడ అవతల ఆ పిల్ల బుర్రలో ఏం జరుగుతోందోనని నాకు కాలు నిలవదు. ఈ గొడవ నాకు అంటించి పోయిన మనిషి వరహాలు టీచర్. ఆమె పోయి రెండు వానాకాలాలు గడిచాయి.

ఆమె పూర్తి పేరు వరహాలమ్మ. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసింది అంతా ఈ ద్వీపాల్లోనే. మా ఇంటి వెనక వీధిలో ఉండేది. రోజూ చాథమ్‌లో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళి, అక్కడ ఒక ట్రస్టు నడిపే స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్పేది. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్న మనిషిలా ఉండేది. ఫెర్రీలో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. రెయిలింగ్ దగ్గర నిలబడి, మడిచిన గొడుగుతో ఇనుప కమ్మీ మీద ఏదో లెక్కకు తాళం వేస్తూ ఉండేది.

నేను స్థానిక దినపత్రికలో చాలాకాలం విలేకరిగా పనిచేశాను. ఆమెతో పరిచయం కూడా పత్రిక వల్లే. బాంబూఫ్లాట్ జెట్టీ మీద ఒక నల్లబల్ల ఉండేది. ఆ రోజు సముద్రపు పోటు ఎప్పుడు, ఎన్ని మీటర్లు, పాటు ఎప్పుడు, ఎన్ని మీటర్లు అని జెట్టీ ఉద్యోగి ప్రతి ఉదయం సుద్దతో రాసేవాడు. వరహాలు టీచర్ పిల్లల్ని అక్కడికి తీసుకొచ్చి దశాంశాలు నేర్పేది. నిన్నటి పోటు 1.86, ఇవాళ్టిది 1.79, ఏది పెద్దది, ఎంత తేడా, ఇవాళ ఫెర్రీలోకి దిగే చెక్కపలక ఎంత ఏటవాలుగా ఉంటుంది? పిల్లలు చేతులెత్తి అరిచేవారు, తర్వాత పరుగున వెళ్ళి నీటిమట్టం చూసి వచ్చేవారు. దీని గురించి నేను ఫొటోతో సహా పెద్ద వ్యాసం రాశాను. చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ దాన్ని ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకుంది. టీచర్ మాత్రం మర్నాడు ఫెర్రీలో నన్ను పట్టుకుంది.

"బాగానే రాసావమ్మా. గానీ అందరూ కరెక్టుగా సెప్పీసినట్టు రాసావు. తప్పు సెప్పిన పిల్లల్ని ఎందుకొదిలీసావు?"

"ఆ రోజు ఒక్కళ్ళూ తప్పు చెప్పలేదు టీచర్ గారూ. నేను చివరిదాకా ఉన్నాను."

ఆమె గొడుగు ఆగింది. "అదేటో, అదే నాకు బాగోలేదు," అని మళ్ళీ కమ్మీ మీద కొట్టడం మొదలుపెట్టింది. మెచ్చుకోలును ఇలా తిరగేసి చూసే మనిషి ఎవరా అని ఆ పూటంతా ఆలోచించాను. అప్పటినుంచి ఆమె వెళ్ళే ఫెర్రీలోనే వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

కొన్నేళ్ళకు ట్రస్టువాళ్ళు తరగతి గదుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకున్నారు. రెండు కంపెనీల ప్రోగ్రాములు నమూనాకి వచ్చాయి. వాటిని పరీక్షించి ఏది మంచిదో చెప్పే పని వరహాలు టీచర్‌కి అప్పగించారు. భాష ఎలా ఉందో చూసి నివేదిక రాసిపెట్టమని, బయటి మనిషిగా నన్ను పిలిచారు. ట్రస్టు సెక్రటరీ గారిది ఆంధ్రా నుంచి వచ్చి కాంట్రాక్టులతో నిలదొక్కుకున్న కుటుంబం. చెడ్డమనిషి కాదు, ఏదైనా త్వరగా తేలిపోవాలంతే. మొదటి రోజే మాట దాచకుండా చెప్పారు: "ప్రోగ్రాం గాని బాగా పనిచేస్తే, మేడమ్ తీసుకునే మూడో పీరియడ్ ట్యాబ్లెట్ గదికి ఇచ్చేద్దాం. అక్కడ టీచర్ ఉండక్కర్లేదు."

ఆ మూడో పీరియడ్ వెనకబడిన పిల్లల కోసం టీచర్ ఏళ్ళ తరబడి పోట్లాడి తెచ్చుకున్నది. రోజుకి ఒక గంట, పదీ పన్నెండు మంది పిల్లలు, ఆమె. ఆ గంటలో ఆమె కొత్త పాఠం చెప్పేది కాదు. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, వాళ్ళు చేసిన లెక్క వాళ్ళచేతే చెప్పించుకునేది. ఆమె కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్క గంటలోనే. ఆ గంట పోతుందన్న మాట వినగానే ఆమె నన్ను ట్యాబ్లెట్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

మొదటి ప్రోగ్రాంలో ఒక చిలక ఉండేది. పాట పాడేది, రెక్కలతో చప్పట్లు కొట్టేది. పిల్లలు దానికి చిలక ప్రోగ్రాం అని పేరు పెట్టేశారు. నేను బుద్ధిగా సరైన జవాబులు పెడుతూ పోయాను. టీచర్ నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"ఆగు. నీకొచ్చిన జవాబులు ఎవరికి గావాల? మన పిల్లలు ఎలగ తప్పుతారో అలగ తప్పు."

ఆమె పరీక్ష చేసే పద్ధతి అది. ఏళ్ళ తరబడి పిల్లలు చేసిన తప్పులన్నీ ఆమెకు నోటికి వచ్చు. అరకి మూడోవంతు కలపమని చిలక అడిగింది. పైన రెండు ఒకట్లు కలిపి రెండు, కింద రెండూ మూడూ కలిపి అయిదు, అంటే రెండు బై అయిదు అని టీచర్ నాచేత పెట్టించింది. చిలక తల అడ్డంగా ఊపి 'మళ్ళీ ప్రయత్నించు' అంది. అదే ప్రశ్నకి ఈసారి తొమ్మిది వందలు అని పెట్టించింది. చిలక అదే తీరున తల ఊపి, అదే మాట అదే గొంతుతో అంది.

"సూసావా? రెండు బై అయిదు పెట్టిన పిల్ల ఆలోచించి పెట్టింది. దానికో దారుంది, దారి తప్పిందంతే. తొమ్మిది వందలు పెట్టింది ఆడుకుంటోంది. దీనికి ఇద్దరూ ఒకటే. నాకు ఒకటెలగవుతారు?"

తర్వాత నాలుగు గడుల్లోంచి జవాబు ఎంచుకునే ప్రశ్నలు తెరిచి నన్ను కళ్ళు మూసుకోమంది. ప్రశ్న చదవకుండా, ఆ నాలుగు గడులనూ వరసగా నొక్కుతూ పొమ్మంది. నొక్కాను. సరైన గడి తగిలేదాకా 'మళ్ళీ ప్రయత్నించు', తగలగానే చప్పట్లు. కళ్ళు తెరిచేసరికి తెరమీద నా పేరు పక్కన బంగారు కిరీటం వెలుగుతోంది. స్కూల్లో లెక్కలంటే కడుపునొప్పి తెచ్చుకున్న మనిషిని నేను.

"శభాష్ వసంతా, గణితంలో రాణివైపోయావు," అని ఆమె పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక అంది: "పిల్లలు దీన్ని రెండు రోజుల్లో కనిపెట్టీసారు. నాకే లేటయింది."

సరిగ్గా అప్పుడే సెక్రటరీ గారు తొంగిచూశారు. "నవ్వులు బయటికి వినపడుతున్నాయి. మీకే ఇంత సరదాగా ఉంటే పిల్లలకి ఎలా ఉంటుంది! ఇంకేం, చిలకే ఖాయమా?"

"తొందర పడిపోకండి సార్. ఇంకోటుంది," అంది టీచర్.

ఆ ఇంకోటి చూడడానికి బాగుండదు. తెల్లని తెర, మధ్యలో అడ్డంగా ఒక గీత, అంతే. పాట లేదు, చప్పట్లు లేవు. ఒక సంఖ్య ఇచ్చి గీత మీద ఎక్కడ ఉంటుందో పెట్టమంటుంది. తప్పు చోట పెట్టినా తప్పని చెప్పదు. గీతలో ఆ ముక్కను సాగదీసి పెద్దది చేసి, ఆ చుట్టుపక్కల ఉండే ఇంకో సంఖ్యను పెట్టమంటుంది. పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ముందు పెట్టిన సంఖ్య కొత్తదానికి చోటివ్వక, మన పని మనకే అడ్డం తగులుతుంది. టీచర్ దాన్ని తన తప్పులన్నిటితో పొడిచి పొడిచి చూసింది. గంట గడిచేసరికి కొంగు నడుముకి చుట్టి గదిలో అటూ ఇటూ నడుస్తోంది. "ఇది వింటోంది వసంతా. పిల్లేటి సెప్తోందో ఇది వింటోంది," అంటోంది.

పిల్లలతో కూడా చూద్దామని అనితను పిలిచింది. అనిత లాంచీ నడిపేవాడి కూతురు, క్లాసులో అందరికంటే చురుకైనది, జెట్టీ బల్ల ముందు అందరికంటే ముందు చెయ్యెత్తేది. నా వ్యాసంతో పాటు అచ్చయిన ఫొటోలో ముందు వరసలో ఉన్నది కూడా ఆ పిల్లే. గీత ప్రోగ్రాం 1.8 ఇచ్చింది. అనిత పెట్టింది. తర్వాత 1.79 ఇచ్చింది. అనిత ఏమాత్రం ఆలోచించకుండా దాన్ని 1.8 దాటించి, కుడివైపు చాలా దూరంగా పెట్టింది.

ఒకటి పాయింట్ ఎనిమిది అంటే ఒకటి పాయింట్ ఎనభైతో సమానం. డెబ్భై తొమ్మిది దాని కంటే వెనక ఉండాలి. లెక్కలు రాని నాకు కూడా అది తెలుసు. టీచర్ అనిత పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇదక్కడ ఎందుకు పెట్టావమ్మా?"

"మిస్, డెబ్భై తొమ్మిది బడా హై నా? ఎనిమిది చోటా. జెట్టీ బోర్డు మీద అలాగే కదా చూస్తాం మనం?"

టీచర్ ఇంకొక పిల్లను పిలిచింది, ఆ తర్వాత మరొకరిని. వెనకబడిన పిల్లలనూ, ముందుండే పిల్లలనూ అందరినీ పిలిచింది. ఎక్కువమంది 1.79ను అక్కడే పెట్టారు. ఇంత ధైర్యంగా, ఒకే చోట, ఒకే కారణంతో తప్పు చేసే తరగతి ఇంకెక్కడా ఉండదేమో. గంట కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె వరండాలోకి వెళ్ళి నాకు వీపు పెట్టి నిలబడింది.

మర్నాడు ఉదయం ఫెర్రీ దిగగానే ఆమె స్కూలు వైపు వెళ్ళలేదు. జెట్టీ బల్ల ముందు నిలబడిపోయింది. 1.82, 0.47, 1.75, 0.60. ప్రతి సంఖ్యకీ చుక్క తర్వాత రెండేసి అంకెలు. ఒక్కటి కూడా పొట్టిది లేదు.

"అన్నీ సమానంగా రాస్తాడు కదా," అంది నెమ్మదిగా. "చుక్క లేదనుకుని చదివినా జవాబు కరెక్టే వస్తాది. ఇన్నేళ్ళూ పిల్లలు చుక్క చూడలేదు వసంతా. నేనూ వాళ్ళని చూడలేదు. ఆ రోజు ఒక్కళ్ళూ తప్పలేదన్నావు చూడు, తప్పడానికి నేను చోటిస్తే కదా!"

అక్కడే సుద్ద పట్టుకుని ఉన్న జెట్టీ ఉద్యోగి దగ్గరికి వెళ్ళింది. ఆయన పాత మనిషి, ఆమెను ఎరుగును.

"భయ్యా, ఈ 0.60లో చివరి సున్నా తీసి 0.6 అని రాయవా?"

"కాయ్‌కో మేడమ్?"

"పిల్లలకి గావాల."

"మేడమ్, సున్నా తీసేస్తే సముద్రం ఏమీ తగ్గదు గానీ మా పెద్దసారు నన్ను తీసేస్తాడు. రూల్ హై."

ఆమె నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే.

నివేదిక రాసే రోజు మేమిద్దరం ఆమె ఇంట్లో కూర్చున్నాం. కూర్చున్నది నేనే, ఆమె వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతోంది. చిలక ప్రోగ్రాం ఎందుకు వద్దో రాశాను. గీత ప్రోగ్రాం ఎందుకు కావాలో రాశాను. తర్వాత కలం ఆపి, నాకు తోచింది చెప్పాను. 1.79 సంగతి నివేదికలో లేకపోయినా గీత ప్రోగ్రాం మంచిదని నిరూపించడానికి కావలసినంత సరుకు ఉంది. ఆ సంగతి రాస్తే మాత్రం సెక్రటరీ గారు ఏమంటారో ఇద్దరికీ తెలుసు. టీచర్ దగ్గర పిల్లలకు దశాంశాలు రాలేదు, ఆ సంగతి మెషిన్ పట్టుకుంది, అలాంటప్పుడు మూడో పీరియడ్ టీచర్‌కి ఎందుకు అంటారు. విలేకరిగా ఏది రాయాలో ఎంత బాగా తెలుసో, ఏది వదిలేయవచ్చో కూడా నాకు అంత బాగా తెలుసు.

ఆమె అట్లకాడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "చిలకని ఎలగ ఫెయిల్ చేసాం? పిల్లేటి అనుకుంటోందో దానికి తెలీదని. మరి నాకు తెలిసిందా? దానికో రూలు, నాకో రూలా?"

"మూడో పీరియడ్ పోతుంది టీచర్ గారూ. ఆ పిల్లలు పోతారు."

"తెలుసు," అంది. పెనం మీద దోసె మాడిన వాసన వచ్చింది. ఆమె కదల్లేదు. "ఇది దాచీసి ఆ పీరియడ్ నిలబెట్టుకున్నాననుకో. రేపు ఆ పిల్లల పక్కన కూర్చుని ఎందుకిలగ చేసావమ్మా అని ఏ మొఖంతో అడుగుతాను? రాయి. ముందు పేజీలోనే రాయి."

రాశాను. సమావేశంలో సెక్రటరీ గారు ఆ పేజీని రెండుసార్లు చదివారు. మేము అనుకున్న మాటే అన్నారు, కాస్త మర్యాదగా. "అయితే మేడమ్, మీ క్లాసు కన్నా మెషినే నయమన్నమాట."

"ఈ ఒక్క విషయంలో నయమే సార్. తప్పు పట్టుకుంది. గానీ ఎందుకని అనితని అడగలేదు. నేనడిగితే జెట్టీ బోర్డని చెప్పింది. బోర్డు సంగతి మెషిన్‌కి ఎలగ తెలుస్తాది? రెండూ గావాల సార్. దాన్ని పెట్టండి, నన్నూ ఉంచండి."

ఆయన గీత ప్రోగ్రాంకి ఒప్పుకున్నారు. మూడో పీరియడ్ ట్యాబ్లెట్ గదికి ఇచ్చేశారు.

తిరుగు ఫెర్రీలో నేను కోపంతో మాట్లాడుతూనే ఉన్నాను. ఆమె మాత్రం ఇంకో పని చెప్పింది: "నీ పేపర్లో నా గురించి పొగిడి రాసావు కదా. దానికి సవరణ వెయ్యి." మా పత్రికలో పేర్లు తప్పు పడితే, ఊళ్ళు తారుమారైతే సవరణ వేసేవాళ్ళం. పొగడ్తకి సవరణ ఎప్పుడూ వేయలేదు. మా ఎడిటర్ నవ్వి, తిట్టి, చివరికి లోపలి పేజీలో చోటిచ్చాడు. జెట్టీ బల్ల పాఠంలో ఏం లోపించిందో, పిల్లలు దేన్ని దేనిగా చదివారో, చుక్క తర్వాత ఒక్క అంకె, మూడంకెలు ఉన్న సంఖ్యలు కూడా ఇంట్లో పిల్లల ముందు పెట్టి చూడమని తల్లిదండ్రులకు ఆమె ఏం చెప్పిందో, అన్నీ రాశాను. మర్నాడు జెట్టీ మీద అనిత తండ్రి ఆమెకు ఎదురొచ్చాడు.

"ఏటి మేడమ్, మా పిల్లలకి రాదని పేపర్లో ఏయించీసారేటి?"

"పిల్లలకి రాదని కాదు భయ్యా. నాకు రాలేదని. సరిగ్గా చదువు."

"నాకు తెలుగు చదవడమే రాదు మేడమ్. ఎవరో చదివి చెప్పారు."

"మరి అనితచేత చదివించుకో. దానికి తెలుగు చదవడం వస్తాది."

ఆ తర్వాత ఆమె తన టిఫిన్ సమయాన్ని మూడో పీరియడ్‌కి మార్పించుకుంది. ఉద్యోగం వదిలేదాకా ఆ గంటలో ట్యాబ్లెట్ గదిలో, ఎవరూ రమ్మనకపోయినా, వెనక నిలబడేది. చేతిలో టిఫిన్ డబ్బా. పిల్లల తెర మీద గీత సాగి ఆగిపోయినప్పుడు వెళ్ళి పక్కన వంగి ఆ ఒక్క ప్రశ్న అడిగేది. సెక్రటరీ గారు ఒకటి రెండుసార్లు చూసి, చూడనట్టు వెళ్ళిపోయారని విన్నాను. జెట్టీకి పిల్లల్ని తీసుకెళ్ళడం కూడా మానలేదు. ఇప్పుడు మాత్రం తన సంచిలోంచి సుద్దముక్క తీసి, బల్ల కింద సిమెంటు దిమ్మ మీద 1.8 అనో 1.795 అనో ఒక సంఖ్య రాసేది. జెట్టీ ఉద్యోగి అటు తిరిగి నిలబడేవాడు.

ఆమె దగ్గర నేను లెక్కలు నేర్చుకోలేదు. కానీ పత్రికలో ఉన్న మిగిలిన ఏళ్ళన్నీ, అందరూ ఒకే మాట చెప్పిన వార్త చేతికి వచ్చినప్పుడల్లా నాకు నిలకడ పోయేది. ఇక్కడ తప్పడానికి చోటు ఉందా, లేక మనం అడిగిన ప్రశ్నలే అందరినీ ఒక గట్టుకి చేర్చాయా అని ఇంకో ఫోను చేసేదాన్ని. కుర్ర విలేకర్లు విసుక్కునేవారు. ఇప్పుడు ఉద్యోగం లేదు, విసుక్కునేవాళ్ళూ లేరు. నిలకడ మాత్రం తిరిగి రాలేదు.

గోడ అవతల మళ్ళీ 'టుంగ్' అంది. వెంటనే ఇంకొకటి. తర్వాత నిశ్శబ్దం, ఈసారి చాలా పొడుగ్గా. టీ గ్లాసు కిటికీలో పెట్టి, చెప్పులు వేసుకోకుండానే వెళ్ళి తలుపు తట్టాను. పిల్ల తలుపు తీసింది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఉన్నాయి.

"గలత్ హో గయా ఆంటీ. మళ్ళీ మళ్ళీ గలతే వస్తోంది. జవాబు చెప్పవా?"

"జవాబు తర్వాత. నువ్వేం పెట్టావు?"

చెప్పింది.

"అలా ఎందుకు అనుకున్నావు?"

ఆ పిల్ల అనుమానంగా నా మొహం చూసింది. ఈ ప్రశ్న దాన్ని ఇంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. ముక్కు ఎగబీల్చి, ట్యాబ్లెట్‌ను గుమ్మంలోకి తెచ్చి, నా పక్కన చతికిలబడి, "దేఖో ఆంటీ, మొదట ఏమయిందంటే..." అని మొదలుపెట్టింది.